సజీవమైన యెరువు, నిర్జీవమైన యేర్పాటు

వరి కోసిన మాగాణిలో పెరుగు మినుపమొక్క నొకదానిని మట్టితో గూడ మెల్లగా పెల్లగించి చూచినచో దాని వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. వానిని చిదిమిన లోపల ఎఱ్ఱదనము కనబడును. అది తెగులు గాదు. ఆ మొక్క భాగ్యము. రైజోబియము అను సూక్ష్మజీవులు ఆ బుడిపెలలో కాపురముండి, గాలిలోని నత్రజనిని పైరునకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చుచు, అందులకు ప్రతిఫలముగా మొక్క వండిన చక్కెరను గ్రహించుచున్నవి. ఈ పనినే కర్మాగారమున చేయవలె నన్నచో నాలుగువందల డిగ్రీల వేడియు, మన చుట్టునున్న గాలి యొత్తిడికి నూరు రెట్లు మించిన యొత్తిడియు కావలయును. పొలములో నది పొగ లేక, చప్పుడు లేక జరిగిపోవుచున్నది. జనుము, పిల్లిపెసర చల్లి దున్నిన మన పెద్దల యాచారమునకు మూలము ఇదియే.

ఈ రహస్యమును 1888 ప్రాంతమున జర్మనీ దేశపు పండితులగు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించిరి. ఆ సూక్ష్మజీవిని వేఱుచేసి పెంచి చూపినవాడు హాలెండు దేశస్థుడగు బైజరింక్. మనవారును ఈ శాస్త్రమున వెనుకబడి యుండలేదు. ఎన్. వి. జోషీ 1920లోనే మన దేశపు పప్పుజాతి పైరుల రైజోబియమును గూర్చి పరిశోధించెను. వరిమడిలోని నీలిపచ్చ నాచు నత్రజనిని కూర్చుచున్నదని 1939లో వంగదేశీయుడగు పి. కె. డే వెల్లడించెను. నాచు అని పేరేగాని అదియును బాక్టీరియా జాతిలోనిదే. ఇక అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరీక్షా క్షేత్రమునుండి తెచ్చిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి వలన 1948లో ఆరియోమైసిన్ అను దివ్యౌషధము లోకమునకు లభించినది. దానిని కనుగొన్నవాడు డగ్గర్. ఆ పరిశోధనకు నాయకత్వము వహించినవాడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. గుప్పెడు పొలపుమట్టిలో ఎంత సంపద దాగియున్నదో ఈ యొక్క యుదాహరణమే చాటుచున్నది.

అన్నము పెట్టు సూక్ష్మజీవులతోపాటు విషమును విఱుగగొట్టు సూక్ష్మజీవులును ఆ మట్టియందే కలవు. డయాజినాన్ అను పురుగుమందు చల్లిన ఫిలిప్పైను దీవుల వరిమడి నీటినుండి, ఆ మందునే ఆహారముగా చేసికొను బాక్టీరియాను సేతునాథన్, యోషిదా అను శాస్త్రజ్ఞులు వేఱుచేసి 1973లో ప్రకటించిరి. పారాథియాను అను ఘోర విషమును గూడ అది విఱుగగొట్టినది. విషము పడిన చోటనే విరుగుడు పుట్టుట ప్రకృతి యొక్క యౌదార్యము. దానిని గుర్తించి, పెంచి, పరీక్షించి, పొలమునకు మరల చేర్చుట వ్యవసాయ విశ్వవిద్యాలయముల ధర్మము.

అట్టి ధర్మమును నిర్వర్తించుటకే ప్రజాధనముతో ఈ విద్యాపీఠములు నెలకొల్పబడినవి. 1960లో పంత్‌నగరమున ఆరంభమైన యీ యేర్పాటు 1964లో మన రాజేంద్రనగరమునకు వచ్చెను. ఆ విశ్వవిద్యాలయము 1996లో ఆచార్య రంగా నామమును ధరించెను. 2014లో రాష్ట్రము రెండైనపుడు తెలంగాణమునకు వేఱొక విశ్వవిద్యాలయ మేర్పడెను. కృష్ణాతీరమున అమరావతి పరిశోధనా కేంద్రమున జీవన ఎరువులను గూర్చిన కృషి సాగుచున్నది. ప్రయోగశాలలో పని జరుగుట లేదని మేము నిందింపము. ప్రయోగశాల గడప దాటిన పిమ్మట ఆ పని యేమగుచున్నదని మాత్రము అడుగుచున్నాము.

జీవన ఎరువనగా పేరులోనే జీవము కలది. అందలి సూక్ష్మజీవులు బ్రతికియున్ననే అది యెరువు. చచ్చినచో ఆ పొట్లము కేవలము నల్లని పొడి. 2006లో కేంద్ర ప్రభుత్వమువారు జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ శాసనము క్రిందికి తెచ్చి, రైజోబియపు పొడి గ్రాము ఒక్కింటికి 5 కోట్లు, ద్రవమైనచో మిల్లీలీటరు ఒక్కింటికి 10 కోట్లు సజీవ కణము లుండి తీరవలెనని విధించిరి. శాసనము బాగుగనే యున్నది. కాని ఆ పొట్లము కర్మశాలనుండి లారీలో, లారీనుండి రేకుల కొట్టులోనికి, అచటనుండి పల్లెకు ప్రయాణము చేయవలెను. మన పల్నాటి యెండలో మనుష్యులకే ప్రాణము నిలుచుట కష్టము. నీడయు చల్లదనమును కోరు ఈ యల్పప్రాణుల గతి యేమి? యూరియా బస్తాను ఎండలో నుంచినను యూరియాయే. ఈ పొట్లమును ఎండలో నుంచిన శవపేటిక. రెంటిని ఒకే కొట్టులో, ఒకే తీరున నిలువచేయుట అజ్ఞానము.

ఇందువలన కలుగు నష్టము ఒక పొట్లపు వెలతో తీరునది కాదు. విత్తనమునకు బెల్లపు నీటితో ఆ పొడిని పట్టించి, నీడను ఆరబెట్టి, చెప్పినది చెప్పినట్లు చేసిన రైతునకు ఫలితము కానరానిచో, అతడు కొట్టువానిని మాత్రమే శంకింపడు, శాస్త్రమునే శంకించును. ఒకమారు మోసపోయిన రైతునకు మరల నమ్మకము కలిగించుటకు ఒక తరము పట్టును. ఆ పిమ్మట ఎంతటి పండితుడు ఎంత మేలైన సూక్ష్మజీవిని కనుగొన్నను వినువా డుండడు.

ఈలోపల రైతు యూరియాకు బందీ యగుచున్నాడు. 45 కిలోల బస్తా వెల పన్నులు గాక 242 రూపాయలని 2018లో నిర్ణయించిరి. మిగిలిన వ్యయము ఖజానా భరించుచున్నది. యూరియాకు ముడిసరకగు సహజవాయువులో పెద్దపాలు విదేశములనుండి ఓడలపై రావలసియున్నది. 2025 వానకాలమున తెలంగాణమున యూరియా కొఱకు రైతులు తెల్లవాఱకముందే బారులు తీరి నిలిచిన దృశ్యము అందఱును చూచినదే. స్వతంత్ర దేశమున అన్నదాత ఒక బస్తాకై నిలువు కాళ్లపై పడిగాపులు పడుట మనకు గౌరవమా? సూక్ష్మజీవులు యూరియా నంతటిని తొలగించునని మేము చెప్పము. వరికి, మొక్కజొన్నకు అవి కొంతమేరకే తోడ్పడును. కాని మినుము, పెసర, కంది, సెనగ, వేరుసెనగ, సోయా పైరులకు అవి నిజమైన యాధారము. నిర్జీవమైన బస్తాకు ఇంత పోషణ చేయు ప్రభుత్వము సజీవమైన పొట్లమునకు ఒక చల్లని గదినైన ఏర్పఱుపకుండుట వింత.

ఇది సాధ్యమా యని సందేహించువారు బ్రెజిలు దేశమును చూతురు గాక. ఆ దేశమున యోహాన్నా డోబరైనర్ అను విదుషి నేల సూక్ష్మజీవులపై చేసిన కృషి ఫలితముగా అచ్చటి విస్తారమైన సోయా పైరు దాదాపుగా నత్రజని యెరువు లేకయే పండుచున్నది. ఆ మార్గముననే నడచిన మరియాంజెలా హంగ్రియా అను శాస్త్రవేత్రికి 2025లో ప్రపంచ ఆహార బహుమానము లభించినది. వీరిరువురును ప్రభుత్వ పరిశోధనాలయములలో పని చేసినవారే. ప్రజల ధనముతో చేసిన పరిశోధన ప్రజల పొలమున కనబడుట యన నిది.

విషమును తిను సూక్ష్మజీవుల విషయమున మాకు ఇంకొక హెచ్చరిక కలదు. బాక్టీరియా శుభ్రము చేయునను నెపముతో మలినము పోయువాడు నిర్దోషి కాజాలడు. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు కథ మనకు తెలియనిది కాదు. ఆ కాలుష్యమును గూర్చి 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము పడినది. అచ్చటి మురుగును శుద్ధిచేసి వదలిన నీటియందే సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కలదని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అట్టి నీటిలో బ్రతుకు సూక్ష్మజీవులు మందునకు లొంగకుండుటను నేర్చుకొనుచున్నవి. పొలములో విషమును విఱుగగొట్టు నేర్పును, వాగులో మందును ధిక్కరించు నేర్పును ఒక్క జాతివే. సుబ్బారావుగారి పరిశోధనాలయము మట్టినుండి తీసి యిచ్చిన ఔషధబలమును మన మురుగుకాలువలో పోగొట్టుకొనుట ఆత్మహత్య. మొదట మలినమును మూలమున ఆపవలెను. మిగిలినదానిని కడుగుటకే సూక్ష్మజీవులను పిలువవలెను.

కాబట్టి మేము కోరునవి స్వల్పము. ప్రతి జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రమున జీవన ఎరువులకు చల్లని నిలువగది యుండవలెను. విత్తు కాలమునకు ముందు కొట్లలోని పొట్లములను పరీక్షించి, సజీవ కణముల లెక్కను కంపెనీ పేరుతో సహా తెలుగులో ప్రకటింపవలెను. విశ్వవిద్యాలయములలో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుల పదవులను ఖాళీగా నుంచరాదు. మన నేలలందు దొరికిన సూక్ష్మజీవులను ప్రజల యాస్తిగా భద్రపఱుపవలెను. ప్రయోగశాలలో తీర్చిదిద్దిన బాక్టీరియాపై స్వామ్యహక్కు చెల్లునని 1980లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ బాక్టీరియాను తీర్చిదిద్దినవాడు మన దేశమున పుట్టిన ఆనందమోహన చక్రవర్తియే. అట్టి కాలమున మన పొలములలోని జీవరాశిపై మనమే కన్ను వేసియుండవలెను. మౌ పట్టణమున ఇందులకై జాతీయ సంస్థ కలదు. దానికి మన జిల్లాల మట్టిలోని జీవులు చేరినవో లేదో విశ్వవిద్యాలయములు విచారింపవలెను.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు మిత్రులలో అనేకులకు పల్లెలో భూమియో బంధువులో ఉందురు. ఈసారి మినుము చల్లుటకు ముందు వారు కొట్టుకు పోయి, పొట్లముపై తయారైన తేదీని, గడువు తేదీని చూచి, అది యెచట నిలువయుండెనో అడుగుదురు గాక. నలువది దినములకు మొక్కను పెల్లగించి, బుడిపెను చిదిమి, ఎఱ్ఱదనము కలదో లేదో చూతురు గాక. లేనిచో ఆ మొక్కను చేతబట్టుకొని పరిశోధనా కేంద్రమునకు పోయి ప్రశ్నింతురు గాక. ప్రశ్నించు ప్రజ లున్నచోటనే విశ్వవిద్యాలయము సజీవముగ నుండును.