చీనా యాత్రికులు – ఐరోపా వీసాలు

ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ మున్నగు దేశముల పౌరులు వీసా లేకయే తమ దేశమునకు రావచ్చునని చీనా ప్రభుత్వము 2023 డిసెంబరు 1వ తేదీ నుండి అనుమతించినది. మొదట 15 దినములుగా నున్న గడువును 2024 నవంబరులో 30 దినములకు పెంచినది. వర్తకలాభమునకై యట్లు చేసిరని కొందరందురు. కావచ్చును, అయినను తెరచిన తలుపు తెరచినదే. దీనికి ఐరోపావారు చేసిన ప్రతిమర్యాద యేమి? షాంఘైలోని యొక ఉపాధ్యాయుడు వారము దినములు పారిసు చూచి రాదలచినను షెంగెన్ వీసాకు దరఖాస్తు చేయవలెను. బ్యాంకు లెక్కలు, బసకు రుజువులు, ప్రయాణపు భీమాపత్రము చూపవలెను, వ్రేలిముద్రలు వేయవలెను, 2024 జూన్‌లో పెంచిన రుసుము ప్రకారము 90 యూరోలు చెల్లింపవలెను. వీసా నిరాకరించినను ఆ సొమ్ము తిరిగి రాదు.

వచ్చినవారు తిరిగి పోరేమోయను భయముచే నిట్లు చేయుచున్నామని వారి సమాధానము. పరీక్షించు హక్కు ప్రతి రాజ్యమునకును గలదు, కాదనము. కాని హాంకాంగు పాసుపోర్టు గల చీనా పౌరుడు 180 దినములలో 90 దినములు వీసా లేకయే ఆ దేశములలో నుండవచ్చును. నది కీవల షెన్‌జెన్‌లో నున్నవాడు మాత్రము అనుమానపాత్రుడు!

వ్రేలిముద్రలనగా ట్రాన్సువాలు జ్ఞప్తికి రాక మానదు. అచ్చటి 1907 నాటి ఆసియావాసుల రిజిస్ట్రేషను చట్టమును భారతీయులతో పాటు చీనీయులును ధిక్కరించిరి. 1908 జనవరిలో గాంధీమహాత్ముడు, తంబి నాయుడు, చీనీయుల నాయకుడు లియుంగ్ క్విన్ ఒకే చెరసాలలో నుండిరి. నేటి షెంగెన్ నియమము ఆ చట్టమువలె జాతిద్వేషముచే పుట్టినది కాదు. అయినను ఆ వరుసలో మన భారతీయులును నిలిచియున్నారు గనుక ఈ విషయము మనకు పరాయిది కాదు.

ఆసియా దేశములు ఇచ్చి పుచ్చుకొను మార్గము నవలంబించినవి. 2024లో సింగపూరు ఫిబ్రవరి 9న, థాయిలాండు మార్చి 1న చీనాతో పరస్పరము 30 దినములకు వీసాను తొలగించుకొన్నవి. 2025 జూలైలో మలేషియాతోను అట్టి యొడంబడికయే అమలులోనికి వచ్చినది. ఐరోపావారు కనీసము ఒకసారి వచ్చి గడువులోపల తిరిగి పోయినవారికైనను ఈ మర్యాద చూపరాదా?

చీనా ప్రభుత్వము నిర్దోషియని మేమనము. అనేక స్థలములలో ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు తమ పాసుపోర్టులను అధికారుల కప్పగింపవలసి వచ్చుచున్నది. రాజానుమతి లేకయే దేశము వీడి మన ధాన్యకటకము వరకు వచ్చిన హ్యూయన్‌త్సాంగు స్వదేశీయులకు ఇది తగునా? బయటి తలుపు తట్టుటకు ముందు లోపలి గడియ తీయవలెను.

మన ప్రభుత్వము 2020లో నిలిపివేసిన యాత్రికవీసాలను 2025 జూలై 24 నుండి చీనా పౌరులకు మరల నొసగ నారంభించినది. మంచి పని. సరిహద్దు తగవు బుద్ధగయ చూడవచ్చు వాని తగవు కాదు. ఇకమీదట గల్వాను వంటి ఘర్షణ యేది జరిగినను యాత్రికులపై ద్వారము మూయక, ఆ తగవును రాయబారులకే విడువవలెనని మా కోరిక.