అడిగినదంతా అప్పు కాదు

మేడ్చల్ పారిశ్రామికవాడలోను, శామీర్‌పేట పరిసరాల కర్మాగారాలలోను పనిచేసి మానుకున్న కార్మికునికి పాత యజమాని నుండి ఒక నోటీసు వస్తుందనుకుందాం: ‘నీ చేతిలో ఫోర్క్‌లిఫ్ట్ పాడైంది, నష్టం కట్టు. అంతవరకు ఆఖరి జీతం లేదు.’ మన కుటుంబాలలో ముందుగా కలిగేది భయమే. అప్పుతో లోకం విడిచి వెళ్ళడం ఎంత భారమో చిన్ననాటి నుండి విన్నవాళ్ళం. నగలు కుదువపెట్టయినా తీర్చివేయాలనుకుంటాం. ఈ దైవభీతిని ఎవరూ అలుసుగా తీసుకోరాదు. ఋజువైనదే అప్పు, అడిగినదంతా అప్పు కాదు.

జీతగాని చేతిలోని పనిముట్టు అమానత్. ఒకే యజమాని కొలువులో ఉన్నవానిని హనఫీ ఫిఖ్‌హ్ ‘అజీరె ఖాస్’ అంటుంది. అతని నిర్లక్ష్యం గాని, హద్దుమీరడం గాని లేకుండా వస్తువు చెడిపోతే అతనిపై పరిహార భారం లేదు. ఋజువు చూపవలసినవాడు దావా చేసినవాడే.

దేశ చట్టం చెప్పేదీ ఇంచుమించు ఇదే. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోని ఈ రక్షణలు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉన్నాయి. ఆ వస్తువును కార్మికునికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లనే కలిగి ఉండాలి. కోతకు ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోత అసలు నష్టాన్ని మించరాదు. ఉద్యోగం మానిన రెండు పనిదినాలలో జీతం చెల్లించాలి. అక్రమ కోతపై మూడేళ్ళలోగా అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు; కోసిన మొత్తానికి పదిరెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఆయనకుంది.

అయినా మనవాళ్ళు ఎందుకు లొంగిపోతున్నారు? చేతిలో కాగితం లేకపోవడం ఒక కారణం. ముస్లిం కార్మికులలో అత్యధికులకు రాతపూర్వక ఒప్పందం లేదని 2006లోనే సచార్ కమిటీ నివేదిక చెప్పింది. కాని కాగితం లేని లోటు యజమానికీ ఉంటుంది. యంత్రాన్ని అప్పగించిన పత్రమేది? సర్వీసింగు రికార్డు ఏది? మరమ్మతు బిల్లు ఏది? బీమా సొమ్ము వచ్చిందా? అరిగిన బ్రేకు, పాతబడిన బ్యాటరీ కార్మికుని తప్పెలా అవుతాయి? ఈ ప్రశ్నలను రాతపూర్వకంగా, రిజిస్టర్డు పోస్టులో అడగాలి. మౌనంగా ఉండరాదు, ఖాళీ కాగితంపై సంతకం చేయరాదు. నోటీసు కోర్టు తీర్పు కాదు. బాకీ వసూలు పోలీసుల పనీ కాదు.

నిజంగా మన నిర్లక్ష్యంతోనే నష్టం జరిగితే ఒప్పుకుని, న్యాయమైన మేరకు చెల్లించడం మన ధర్మం. అమానత్ ఇరువైపులా వర్తిస్తుంది. యజమాని వద్ద నిలిచిపోయిన జీతమూ అమానతే.

మస్జిద్ కమిటీలకు ఒక మనవి. జుమా నమాజు తర్వాత చదువుకున్న ఇద్దరు యువకులు అరగంట కూర్చుంటే ఇలాంటి నోటీసులకు జవాబులు రాసిపెట్టగలరు. పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం చట్టమిచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ దారి చూపుతుంది. బాధితునికి చందా పోగుచేసి ఆ అన్యాయపు బాకీ తీర్చడం కన్నా, దానిని ప్రశ్నించే ధైర్యం అతనికివ్వడమే మేలైన ఖిద్మత్.