గోధుమల ఓడ, మందుల ఫ్యాక్టరీ

మునుగోడు నియోజకవర్గానికి ఒక కొసన మర్రిగూడ, ఇంకో కొసన చౌటుప్పల్. మర్రిగూడ అంటే ఫ్లోరైడ్ నీళ్లు, వంగిన నడుములు గుర్తొస్తాయి. చౌటుప్పల్ అంటే మందుల కంపెనీలు. బోర్లు ఎండిన ఈ మెట్టసీమలో ఆ కంపెనీలు కొందరికి కూలి, ఇంకొందరికి చెడిపోయిన బావి. అసలవి ఇక్కడికి ఎలా వచ్చాయన్నది వెతికితే దారి మాస్కో దాకా పోతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రెండు దశాబ్దాల్లో మన దేశం రెండు అగ్రరాజ్యాల దగ్గర చేయి చాచింది. అమెరికాతో 1956లో పీఎల్-480 అనే ఆహార సాయం ఒప్పందం కుదిరింది. గోధుమలు వచ్చాయి, డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లోనే చెల్లింపు. బాగానే ఉందనుకున్నాం. 1965-66 కరువులో అధ్యక్షుడు జాన్సన్ ఆ గింజలను నెలనెలా లెక్కగట్టి వదిలాడు. వియత్నాం యుద్ధంపై ఢిల్లీ ఏం మాట్లాడుతోందో కూడా ఆ లెక్కలోకి వచ్చింది. ఆ గోధుమలు లక్షల ప్రాణాలు నిలిపాయి, కాదనలేం. కానీ తిన్నాక చేతిలో మిగిలింది ఖాళీ గోనెసంచే.

సోవియట్ సాయం తీరు వేరు. అప్పట్లో మన దగ్గర మందుల ధరలు ప్రపంచంలోనే అత్యధిక ధరల కోవలో ఉన్నాయని అమెరికా సెనేట్‌లోని కెఫావర్ కమిటీయే తేల్చింది. విదేశీ కంపెనీలు మందు అమ్మేవి, తయారీ గుట్టు విప్పేవి కావు. రష్యన్లు విప్పారు. వాళ్ల సాయంతో 1961లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పనిముట్లు, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ మందులు. వాళ్లదీ ధర్మసత్రం కాదు. మన సరుకులు వాళ్లకు కావాలి, మన స్నేహం అంతకన్నా కావాలి. మద్రాసు పనిముట్లకు సరైన గిరాకీయే దొరకలేదు. చివరికి ఐడీపీఎల్ కూడా ఖాయిలా పడింది.

అయినా బాలానగర్ ఒక బడిలా పనిచేసింది. 1969 నుంచి 1975 వరకు అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన దివి మురళి 1990లో దివీస్ మొదలుపెట్టి, చౌటుప్పల్ మండలం లింగోజిగూడెంలో ఫ్యాక్టరీ కట్టారు. దీనికి సగం పుణ్యం 1970 పేటెంట్ చట్టానిది. మందుపై కాదు, తయారుచేసే పద్ధతిపైనే హక్కు అంది ఆ చట్టం. బాలానగర్ ఫ్యాక్టరీ ఒక్కటే వచ్చి ఈ చట్టం రాకపోతే, పని నేర్చిన కెమిస్టులు పరాయి కంపెనీల్లో జీతగాళ్లుగానే ఉండిపోయేవాళ్లు.

2025 ఆగస్టులో జరిగింది చూడండి. రష్యా చమురు కొంటున్నామని అమెరికా మన సరుకులపై అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసింది. మందులను మాత్రం ముట్టుకోలేదు. రష్యా సాయంతో నేర్చిన విద్యే రష్యా పేరున పడ్డ దెబ్బ నుంచి తప్పించుకుంది! వాషింగ్టన్‌కు ఈ చుట్టరికం గుర్తుందో లేదో.

మురిసిపోవడానికి మాత్రం లేదు. మనం దిగుమతి చేసుకునే ముడిమందుల్లో సింహభాగం చైనాదే. చవగ్గా దొరుకుతోందని ఇక్కడి పెన్సిలిన్ తయారీని మనమే మూతపడనిచ్చాం. నాడు గోధుమల ఓడ, నేడు ముడిమందుల ఓడ. 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి తయారీ మళ్లీ మొదలైంది. ఈసారి అండ మాస్కోది కాదు, మన ఖజానా ఇచ్చే ప్రోత్సాహకానిది.