బుల్లి ఆవిరి ఇంజను మొరాయిస్తే

సెలవులకు వచ్చిన మనవడు అటక మీది బుల్లి ఆవిరి ఇంజనును కిందికి దింపాడు. స్పిరిట్ దీపం వెలిగించాం. నీళ్ళు మరిగాయి, సేఫ్టీ వాల్వు బుస్సుమంది. మీట తిప్పితే మాత్రం సిలిండరు పక్కనుంచి ఆవిరి తుస్సుమందే గాని, చక్రాలు కదల్లేదు.

"తాతయ్యా, ఆ వాల్వు స్ప్రింగు బిగిద్దామా? బలం వస్తుంది" అన్నాడు వాడు. వెంటనే దీపం ఆర్పేశాను.

పిల్లలూ, పెద్దలూ, ఇదొక్కటి మరువకండి. ఆ వాల్వు బిగిస్తే బాయిలరు పగలవచ్చు. అది బుస్సుమంటోందంటే ఆవిరికి కొదవలేదు. లోపం ఇంకెక్కడో ఉంది.

చల్లారాక వెతకాలి. మొదట చక్రాలను చేత్తో తిప్పండి. పట్టేస్తే ఇరుసుకు దారప్పోగు చుట్టుకుందేమో, కడ్డీ వంగిందేమో చూడండి. మాది తేలిగ్గానే తిరిగింది.

తరువాత సిలిండరు. ఈ రకం ఇంజన్లలో సిలిండరే ఊయలలా ఊగుతూ ఆవిరి రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. దాన్ని పలకకు అదిమి ఉంచేది చిన్న స్ప్రింగు. అది సడలినా, మధ్యన మురికి చేరినా ఆవిరి జారిపోతుంది. మాకు దొరికింది గడ్డకట్టిన పాత నూనె! తుడిచి, స్టీమ్ ఆయిల్ రెండు చుక్కలు వేశాం. కుట్టుమిషను నూనె ఆ వేడికి నిలవదు.

బాయిలరులో డిస్టిల్డ్ వాటర్ ముప్పాతిక వంతే పోశాం. నిండా పోస్తే నీళ్ళే సిలిండరులోకి వస్తాయి. చల్లని సిలిండరులో ఆవిరి కూడా నీరవుతుంది. అందుకే మొదట చక్రాలను వేలితో నాలుగు చుట్లు తిప్పాం. ఐదో చుట్టు ఇంజనే తిరిగింది!

నీళ్ళు అయిపోకముందే దీపం ఆర్పించాను. వట్టి బాయిలరు కాలితే అతుకులు కరుగుతాయి. వాడు మళ్ళీ స్ప్రింగు మాటెత్తలేదు.