ప్రాణాయామం సరే, రక్త పరీక్ష ఏది?



జూన్ 21 వస్తే హాస్టళ్లలో మనందర్నీ వరుసగా కూర్చోబెట్టి ప్రాణాయామం చేయిస్తారు. మేం దాన్ని కొట్టిపారేయట్లేదు. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని 6కి తగ్గించి, నిదానంగా వదిలితే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం తగ్గుతుంది. పరీక్షల ముందు గాబరా, ఇంటి మీద బెంగ కాస్త సర్దుకుంటాయి. పైసా ఖర్చు లేదు.

కానీ నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడే చెల్లికి కూడా "ప్రాణాయామం చెయ్, పోతుంది" అంటే ఎట్లా? గాలి ఎంత పీల్చినా, ఆక్సిజన్‌ని ఒంటికి మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అదే తక్కువుంటే ఊపిరి ఒక్కటే ఏం చేస్తుంది? సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకైతే ఆక్సిజన్ తగ్గితే రక్తకణాలు కొడవలిలా వంగుతాయి. వాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఊపిరి బిగబట్టే కుంభకం చేయొద్దు.

2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామంది. అందులో మన హాస్టల్ పిల్లలెంతమంది? వార్డెన్ సార్‌నీ ఏఎన్ఎం అక్కనీ అడుగుదాం. ఈసారి యోగా రోజునే రక్త పరీక్ష కూడా పెట్టమందాం.