కుట్టు లేదంటే గాయం లేదని కాదు

సూర్యాపేట బస్టాండు దగ్గర పొద్దుగూకే వేళ నిలబడండి. ఒక వ్యాను వచ్చి ఆగుతుంది. అందులోంచి ముసలివాళ్లు ఒక్కొక్కరే దిగుతారు. కళ్లకు నల్లద్దాలు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు. కవర్లో రెండు చుక్కల మందు సీసాలు, కొన్ని గోలీలు, ఒక చీటీ. ఆ చీటీ చదవడానికి వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. వచ్చినవాళ్లకు చూపు ఆనదు. వ్యాను తిరిగి వెళ్లిపోతుంది. తెల్లారి జిల్లా పేజీలో క్యాంపు పెట్టిన పెద్దమనిషి ఫొటో వస్తుంది, ఇంతమందికి చూపు ప్రసాదించాడని.

అబద్ధం. ఆ రోజు వాళ్లకు దక్కింది ఆపరేషన్ మాత్రమే. చూపు దక్కిందో లేదో నలభై రోజులు పోతే గాని తెలియదు. ఆ నలభై రోజుల లెక్క ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో కంటి క్యాంపు పేరు మీద ఫ్లెక్సీ కట్టిన ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. అమ్మను, నాయనను ఆ వ్యాను ఎక్కించి చేతులు దులుపుకున్న ప్రతి బిడ్డనూ అడుగుతున్నాను.

మా మేనత్తది కోదాడ దగ్గరి ఊరు. బియ్యంలో రాళ్లు ఏరలేక, సూదిలో దారం ఎక్కక రెండేళ్లు తిప్పలు పడ్డది. "పొర ఇంకా ముదరాలె, ముదిరినంకనే తియ్యాలె" అని ఎవరో చెప్తే ఆగింది. "ఎండాకాలం చేయిస్తే చీము పడుతది" అంటే ఇంకో ఏడాది ఆగింది. రెండూ తప్పుడు మాటలే. పొర ముదిరేదాకా ఆగాల్సిన కాలం ఎప్పుడో పోయింది. ముదిరిన కొద్దీ గట్టిపడి, తీసేటప్పుడు డాక్టరుకు కష్టం, కంటికి ప్రమాదం. ఏ కాలమైనా ఒకటే, శుభ్రత ఉంటే చాలు. చివరికి ఆమెను వ్యాను ఎక్కించింది నేనే. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పితే వేళ్లు లెక్కపెట్టి చూపించి ఏడ్చింది.

మూడో రోజు కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ఇంట్లో అందరూ నాట్లకు పోయారు. అయిదో రోజు కన్ను సలపడం మొదలైంది. "పొర తీసిండ్రు గదా, కొంచెం సలుపుతది" అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పికి సూది వేశాడు. ఎనిమిదో రోజుకు హైదరాబాద్ తీసుకుపోతే అప్పటికే కంటి నిండా చీము. ఆ కన్ను మళ్లీ వెలగలేదు. ఊరికి వచ్చాక ఆ ప్లాస్టిక్ కవరు విప్పి చూశాను. ఒక సీసా సగం కూడా అయిపోలేదు. రెండో సీసాకు సీలే తెగలేదు. అప్పటి నుంచి ఆ తెగని సీలు నా కంట్లో నలుసులా ఉండిపోయింది.

మన జనానికి ఎవరూ విడమరిచి చెప్పని మాట ఒకటుంది. క్యాంపుల్లో ఎక్కువగా చేసేది ‘కుట్టు లేని ఆపరేషన్’. నల్లగుడ్డు అంచున ఆరేడు మిల్లీమీటర్ల కోత పెట్టి, ముదిరిన లెన్సు తీసి, కొత్త లెన్సు వేస్తారు. ఖరీదైన ఫేకో పద్ధతిలో కోత రెండు మూడు మిల్లీమీటర్లే. రెండింటిలోనూ సాధారణంగా కుట్టు పడదు, గాయం తనంతట తానే అతుక్కుంటుంది. కుట్టు లేదు అనగానే మనవాళ్లకు గాయం లేదు అని వినిపిస్తోంది. కాలు తెగితే వారం రోజులు తడి తగలనివ్వని మనం, కన్ను కోసిన మూడో రోజుకు పొగలో కూర్చోబెడుతున్నాం, బర్రెకు గడ్డి మోపు మోయిస్తున్నాం. కంట్లో కోత కనిపించదు. కనిపించని గాయానికి ఇంట్లో విలువ లేదు.

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టాడు. అప్పట్లో సాటి డాక్టర్లే అతన్ని తిట్టారు. ఇవాళ అదే పని కొన్ని నిమిషాల్లో అయిపోతోంది. ఆపరేషన్ అంత సులువయ్యేసరికి దాని తర్వాతి కాలాన్ని కూడా సులువని తేలిగ్గా తీసుకున్నాం. దాని ఫలితం దేశం లెక్కల్లోనే ఉంది. 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో యాభై ఏళ్లు దాటినవాళ్ల గుడ్డితనానికి కారణాలు తేల్చారు. శుక్లం వాటా 66.2 శాతం. శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చిన చిక్కుల వాటా 7.2 శాతం. మళ్లీ చదవండి. మన దేశంలో చూపు పోయిన పెద్దవాళ్లు వందమందిని వరసగా నిలబెడితే, అందులో ఏడుగురు చూపు కోసం ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు.

ఈ ఏడుగురి పాపం ఎవరిది? ముందు ఆసుపత్రుల సంగతి తేల్చాలి. మా మేనత్తతో "నువ్వే నలుపుకున్నవ్" అన్నారు. ఆమె నమ్మింది. నా కర్మ అని ఊరుకుంది. కన్ను పోయిన ప్రతి ముసలమ్మకూ చెప్పే మాట ఇదే. మరి 2016 జూన్ 30న హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని ఇన్ఫెక్షన్ పాలైన 13 మంది ఏం నలుపుకున్నారు? అక్కడ అనుమానం కంటిని కడిగే సెలైన్ ద్రావణం మీదకే పోయింది. 2021 నవంబరు 22న బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఒక్క రోజులో 65 మందికి ఆపరేషన్లు చేస్తే, ఎంతోమందికి ఇన్ఫెక్షన్ సోకి కొందరికి కనుగుడ్లే తీసేయాల్సి వచ్చింది. వాళ్లేం నలుపుకున్నారు? మంచి ఆసుపత్రుల్లో వెయ్యి ఆపరేషన్లకు ఒకటి చొప్పున కూడా రాని ఇన్ఫెక్షన్ ఒకే రోజు, ఒకే బల్ల మీద పదిమందికి వచ్చిందంటే ఆ దోషం థియేటర్‌ది. అందుకే లెక్క రాయండి అంటున్నాను. లెక్క ఉంటే తప్పు థియేటర్‌దా, ఇంటిదా తేలిపోతుంది. లెక్క లేకపోతే తప్పెప్పుడూ ముసలమ్మదే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు పథకం మొదలైంది. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలైంది. ఊరూరా టెంట్లు వేసి కోట్ల కళ్లు చూశారు, అద్దాలిచ్చారు. జీవితంలో ఒక్కసారి కూడా కన్ను చూపించుకోనివాళ్లు ఆ టెంటులో కూర్చున్నారు. అది మంచి పని. కానీ కంటి సంరక్షణ వంద రోజుల పండగ కాదు. టెంటు పీకేశాక ఆ ఊరి కన్ను ఎవరిది? 2019 నుంచి సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఊరికో ఆశా కార్యకర్త ఉంది. బాలింత ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూసి వచ్చే ఆ అక్కకు, శుక్లం తీయించుకున్నవాళ్ల పేర్లు నాలుగు రాసిచ్చి, ఒక్కో సందర్శనకు ఇంత అని కట్టిస్తే ఎంతవుతుంది? ఫ్లెక్సీల ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.

ఇక ఇంటి సంగతి. ఆపరేషన్ తర్వాత సాధారణంగా రాసే పద్ధతి ఇది: మొదటి వారం రోజుకు ఆరు చుక్కలు, రెండో వారం అయిదు, మూడో వారం నాలుగు, అలా తగ్గుతూ ఆరో వారానికి ఒకటి. కూడితే 147 చుక్కలు. మనల్ని పెంచిన తల్లికి ఆరు వారాల్లో 147 చుక్కలు వేయడానికి మనకు తీరిక లేదు! ఫోనులో వేలు జరపడానికి గంటలు దొరుకుతాయి, అమ్మ కంట్లో ఒక చుక్క వేయడానికి నిమిషం దొరకదు. "ఆమెనే పోసుకుంటది" అంటారు. వణికే చేత్తో, సరిగా కనిపించని కంటితో, ఆమె పోసుకున్న చుక్క చెంప మీద పడుతుంది. సీసా మూతి కంటికి తగిలి మందే విషమవుతుంది.

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. చుక్క వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కింది రెప్పను లాగి, సీసా మూతి ఎక్కడా తగలకుండా ఒక్క చుక్క వేయాలి. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. కాస్త నయం కాగానే మానేయకూడదు, గడువు దాటాక కొనసాగించనూ కూడదు. తెరిచిన సీసాను నెల దాటితే పారేయాలి. రాత్రి కంటికి కప్పు పెట్టుకుని పడుకోవాలి. డాక్టరు చెప్పేదాకా తలమీద నీళ్లు, పొయ్యి పొగ, పొలం దుమ్ము, బరువులు వద్దు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్క సూత్రం: రోజురోజుకూ చూపు పెరగాలి, నొప్పి తగ్గాలి. దీనికి ఎదురు జరిగితే, ఎరుపు పెరిగినా, రెప్ప వాచినా, చూపు మసకబారినా, తెల్లారేదాకా ఆగొద్దు. ఆటో కట్టించుకుని ఆపరేషన్ చేసిన చోటికే పొండి. ఇన్ఫెక్షన్‌కు వారం అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు.

మెడికల్ షాపులను వదలను. కన్ను ఎర్రబడింది అనగానే గల్లాపెట్టె పక్క నుంచి స్టెరాయిడ్ చుక్కలు తీసి ఇస్తున్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం చెప్పిన మందులవి. ఆ చుక్క వేస్తే ఎరుపు పోతుంది, నొప్పి తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపల పెరుగుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మన ప్రాంతంలో ఇది మరీ ఘోరం. కోతలప్పుడు వరి ఆకు కంటికి గీసుకుంటుంది. ఐకేపీ కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు తూర్పార పడుతుంటే తాలు కంట్లో పడుతుంది. ఆ గీత మీద ఫంగస్ పట్టి నల్లగుడ్డు మీద పుండవుతుంది. మనమేం చేస్తాం? పసరు పిండుతాం, ఆముదం వేస్తాం, చనుబాలు పోయిస్తాం. తగ్గకపోతే షాపు స్టెరాయిడ్. ఫంగస్‌కు అదే ఎరువు. నెల తిరిగేసరికి నల్లగుడ్డు తెల్లగుడ్డవుతుంది. నలభై ఏళ్లు పని చేయాల్సిన రైతుకూలీ ఒక్క కంటితో మిగులుతాడు.

మిర్యాలగూడ రైసు మిల్లుల యజమానులారా, మీ హమాలీల కళ్లు ఎప్పుడైనా చూశారా? తవుడు దుమ్ములో, ఊక బూడిదలో పొద్దంతా పనిచేసే మనిషికి ఒక కళ్లద్దం, ముఖం కడుక్కోవడానికి ఒక కుళాయి ఇవ్వడానికి మీ లాభం అడ్డొస్తుందా? మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల వైపు పనికి పోయేవాళ్లకు, ఇంటి గోడకు సున్నం వేసేవాళ్లకు ఒకే మాట: సున్నమో సిమెంటో కంట్లో పడితే డాక్టరు కోసం పరుగెత్తే ముందు నీళ్లు. ఉన్న చోటే, కుళాయి కిందే, కనీసం పావుగంట ఆపకుండా కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రి.

శుక్లం తీస్తే కొత్త లెన్సు వేస్తారు. షుగరుతో చెడిన రెటీనాకు మార్చడానికి మరొకటి లేదు. నీటికాసుల జబ్బు తిన్న చూపు తిరిగి రాదు. రెండూ ఎక్కువగా నొప్పి లేకుండానే వస్తాయి. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకుని కంటి లోపలిదాకా చూపించుకోవాలి. నలభై దాటినవాళ్లు కంట్లో ఒత్తిడి కొలిపించుకోవాలి. పిల్లల చేతికి ఫోనిచ్చి ఊరుకోబెట్టే తల్లిదండ్రులు వాళ్లను రోజూ రెండు గంటలు ఎండపొడలో ఆడనివ్వాలి. దగ్గరి చూపు పనే చేసే పిల్లల కళ్లకు దూరం తెలియకుండా పోతోంది.

2021లో ప్రపంచ ఆరోగ్య సభ దేశాలన్నిటికీ ఒక కొలత పెట్టింది. ఎన్ని శుక్లం ఆపరేషన్లు చేశారన్నది కాదు, ఆపరేషన్ అవసరమైనవాళ్లలో ఎంతమంది చేయించుకుని మంచి చూపుతో మిగిలారన్నది. ఆ కొలతను మన జిల్లాలకు తెండి. క్యాంపు పెట్టే ప్రతి సంఘమూ వారం నాడు, నెల నాడు, నలభయ్యో నాడు అదే వ్యానును మళ్లీ అదే ఊరికి పంపాలి. చీటీ మీద చదువు రానివాళ్లకు సూర్యుడు, చంద్రుడు, చుక్కల బొమ్మలు వేయాలి. రాత్రి మోగినా ఎత్తే ఫోను నంబరు ఇవ్వాలి. ఎంతమందికి ఎన్ని వరసల అక్షరాలు కనిపిస్తున్నాయో నలభయ్యో రోజున బోర్డు మీద రాయాలి. ఇది చేయలేనివాళ్లు క్యాంపు పెట్టకండి. పేదవాడి కంటిని కోసి, గాయాన్ని వాడికే వదిలేసి వెళ్లే హక్కు ఏ దాతకూ లేదు.

మా మేనత్త రెండో కంటికి ఆపరేషన్ అంటే భయపడింది. ఉన్న కొద్దిపాటి చూపూ పోతుందని ఏడాది మొండికేసింది. చివరికి ఎనిమిదో తరగతి చదివే మనవరాలు పూచీ పడ్డది. బడికి పోయే ముందు, మధ్యాహ్నం భోజనం బెల్లుకు పరుగెత్తుకొచ్చి, మళ్లీ సాయంత్రం, అలా రాత్రి పడుకునే దాకా, చుక్క వేసిన ప్రతిసారీ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. ఇప్పుడు మేనత్త మళ్లీ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

మొన్న సంక్రాంతికి ఇంటికి సున్నం వేస్తుంటే ఆ గోడను మాత్రం ముట్టనివ్వలేదు. నేను పోయినప్పుడు లెక్కపెట్టాను. సరిగ్గా 147 గీతలు.