దారి తెలిసినవాడి వెనకే నడవాలి

గల్ఫ్ అనగానే తెలుగువాళ్లకు ముందుగా రెండు దృశ్యాలు తోస్తాయి. ఒకటి, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచో, కడప, కోనసీమల నుంచో వెళ్లి, లేబర్ క్యాంపుల్లో బతుకుతూ ఇంటికి డబ్బు పంపే మనిషి. రెండోది, ఈమధ్య మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చిన నాలుగు రోజుల దుబాయ్ ప్యాకేజీ. అందులో ఆకాశాన్నంటే భవనం, పెద్ద మాల్, సాయంత్రం జీపులెక్కి ఇసుక తిన్నెల మీద గంతులు, రాత్రికి విందు అన్నీ కలిపే ఉంటాయి. ఈ రెండింటిలోనూ కనబడని అరేబియా మరొకటి ఉంది. ఒమన్ లోపలి ప్రాంతాల్లో ఎడారి, కొండలు, ఖర్జూర తోటల ఊళ్లు కలుపుకుంటూ గైడు వెంట కాలినడకన సాగే విహార యాత్రలు అక్టోబరు నుంచి మార్చి దాకా జరుగుతుంటాయి. వాటికి వచ్చేవాళ్లలో యూరప్ వాళ్లదే పెద్ద వాటా. మూడు, నాలుగు గంటల విమాన ప్రయాణం దూరంలో ఉన్న మనం మాత్రం అటు చూడటం తక్కువ. ఆ యాత్ర మన చూపుకు అర్హమైనదే. అయితే అక్కడ గైడు ప్యాకేజీలో కలిపి ఇచ్చే అదనపు సౌకర్యం కాదు, యాత్రకు మూలాధారమే అతను. యాత్ర అతని చేతుల మీదుగా, ఊరివాళ్ల ఇష్టప్రకారం నడిచినంత మేరకే దానికి అర్థమూ, న్యాయమూ ఉంటాయి. కంపెనీ చేతిలో సరుకుగా మారినకొద్దీ అది జీపు సఫారీకి కాళ్లు తొడిగినట్టు తయారవుతుంది.

ముందు ఆ నేల సంగతి. ఒమన్ ఉత్తరాన సముద్ర తీరం వెంబడి హజర్ పర్వతాలు బారులు తీరి ఉంటాయి. వాటిలో ఎత్తైన జబల్ షమ్స్ సుమారు 3,000 మీటర్లు. దానికి తూర్పున జబల్ అఖ్దర్ మీద సైక్ పీఠభూమి సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. గులాబీలు, దానిమ్మలు పండే చల్లని చోటు అది. ఆగ్నేయాన, ఒకప్పుడు వహీబా అని పిలిచిన షర్ఖియా ఇసుక ఎడారి 12 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుంది. ఈ మధ్యలో నిజ్వా, బహ్లా, అల్ హమ్రా లాంటి పాత ఊళ్లున్నాయి. మస్కట్ నుంచి నిజ్వాకు కారులో రెండు గంటలు పట్టదు. అలాంటప్పుడు నడవడం దేనికని అడగవచ్చు. రోడ్డు అక్కడికి నిన్నగాక మొన్న వచ్చింది కాబట్టి. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదు. కొండ ఊళ్లను కలిపింది మనుషులు, గాడిదలు నడిచిన దారులే. కొండ చరియను తొలిచి, రాళ్లతో మెట్లు కట్టి, తరతరాలుగా బాగుచేసుకుంటూ వచ్చిన దారులవి. జబల్ షమ్స్ పక్కన వాదీ ఘుల్ లోయ అంచు వెంబడి, ఇప్పుడు ఖాళీ అయిపోయిన అస్ సాబ్ పల్లెకు పోయే బాట అలాంటిదే. సైక్ పీఠభూమి అంచున అల్ అఖ్ర్, అల్ ఐన్, షిరైజా ఊళ్ల మధ్య గులాబీ మళ్ల గుండా పోయే బాటా అలాంటిదే. కారు ఊరి బయట ఆగిపోతుంది. పాత బాట మాత్రం నీళ్ల పక్క నుంచి, మళ్ల గట్ల మీదుగా, ఇళ్ల మధ్యకు తీసుకుపోతుంది. ఆ ఊళ్లు ఏర్పడిన తర్కం అర్థమయ్యేది ఆ దారిలోనే.

ఆ తర్కం పేరు ఫలజ్. కొండ కింద భూగర్భజలం ఉన్న చోట బావి తవ్వి, అక్కడి నుంచి కిలోమీటర్ల దూరం సొరంగం తొలిచి, పంపు గానీ మోట గానీ లేకుండా వాలు మీదే నీటిని ఊళ్లోకి తెచ్చే కాలువ అది. ఊటల నుంచి, వాగుల నుంచి నీళ్లు తెచ్చే ఫలజ్‌లూ ఉన్నాయి. వీటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దేశంలో ఇప్పటికీ పారుతున్నవి సుమారు 3,000 అని లెక్క. ఊళ్లోకి వచ్చిన నీరు ముందు తాగడానికి, తర్వాత మసీదుకు, స్నానాలకు, ఆపైన ఖర్జూర తోటలకు, మిగిలితే ఆరుతడి మళ్లకు పోతుంది. ఎవరి వంతు ఎప్పుడన్నది పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి తేల్చేవారు. వంతులు వారసత్వంగా వస్తాయి, అమ్ముడవుతాయి. కొన్నిటిని వేలం వేసి ఆ డబ్బుతో కాలువ మరమ్మతు చేస్తారు. చెరువు కింద ఆయకట్టుకు తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసిన పని తెలిసిన పాఠకుడికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. పక్కనే బీదర్‌లో బహమనీల కాలపు కరేజ్ సొరంగం పనిచేసిందీ ఇదే సూత్రం మీద. అయితే కాలువ పక్కన నిలబడి చూసినంత మాత్రాన ఇదంతా తెలియదు. రెండడుగుల వెడల్పు నీటి ధార మాత్రం కనబడుతుంది. అందులో ఎవరి వంతు ఎంత, ఏ మలుపులో పాత్రలు కడగకూడదు, ఏ చోటు ఆడవాళ్లు స్నానం చేసేది, ఎక్కడి నుంచి పరాయి మనిషి పక్కకు తప్పుకోవాలి అన్నవి ఊరివాడు చెబితేనే తెలుస్తాయి. గైడు అవసరం మొదలయ్యేది ఇక్కడే.

గైడుతో నడవడం చేతగానితనమని, నిజమైన యాత్రికుడు ఒంటరిగా పోతాడని ఒక వాదన తరచూ వినబడుతుంది. సాహస యాత్రల సాహిత్యం దీన్ని బాగా పెంచి పోషించింది. అరేబియా చరిత్ర మాత్రం ఇందుకు సాక్ష్యం చెప్పదు. రుబ్ అల్ ఖాలీ మహా ఎడారిని దాటిన తొలి యూరోపియన్‌గా పేరుపడ్డ బెర్ట్రమ్ థామస్ 1930 డిసెంబరులో ధోఫార్ నుంచి బయల్దేరి, 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. ఆయన్ను నడిపించింది రషీద్ తెగకు చెందిన సాలిహ్ బిన్ కలూత్. 1940ల చివర్లో అదే ఎడారిని రెండుసార్లు దాటిన విల్‌ఫ్రెడ్ థెసిజర్ కూడా అదే తెగ యువకుల వెంటే నడిచాడు. 1959లో అచ్చయిన తన పుస్తకాన్ని అందులో ఇద్దరికి, బిన్ కబీనాకు, బిన్ ఘబైషాకు అంకితమిచ్చాడు. పేరు పుస్తకం రాసినవాడికి వచ్చింది. బావి ఎక్కడుందో, ఆ నీరు తాగడానికి పనికొస్తుందో లేదో, ఒంటె ఇంకెన్ని రోజులు ఓర్చుకుంటుందో తెలిసింది మాత్రం వెంట నడిచినవాళ్లకు. పైగా, ఒక తెగ నేల మీదుగా పోవాలంటే ఆ తెగ మనిషి ఒకడు తోడుగా, పూచీగా ఉండటం బెదూయిన్‌ల కట్టుబాటు. సరిహద్దు మారితే పూచీ మనిషీ మారేవాడు. కాబట్టి ఆ నేల మీద ఒంటరి నడకే కొత్తగా పుట్టిన ఊహ, తోడుతో నడవడమే పాత మర్యాద.

ఇప్పుడు కాలం మారింది, కొండ బాటల మీద ప్రభుత్వమే రంగు గుర్తులు వేయించింది, చేతిలో ఫోను ఉంది, ఇక మనిషితో పనేమిటని అనవచ్చు. గుర్తులున్న చిన్న బాటల విషయంలో ఇందులో నిజముంది. జబల్ షమ్స్ అంచు నడకను జాగ్రత్త ఎరిగినవారు సొంతంగా చేయవచ్చు. కానీ రంగు గుర్తు దారి చెబుతుంది తప్ప ఆ రోజు సంగతి చెప్పదు. ఒమన్‌లో వాదీలు, అంటే వాగు పారే లోయలు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి. ఎక్కడో పై కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద దూసుకొస్తుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన అలాంటి వరదలకు బడిపిల్లలతో సహా పదిమందికి పైగా చనిపోయారు. ఆ దేశంలో పుట్టి పెరిగినవారినే వాదీ మోసగిస్తుంటే, వారం రోజుల అతిథి ఫోనులోని పటాన్ని నమ్ముకోవడం తెలివి అనిపించుకోదు. మబ్బు వాలకం చూసి ఈరోజు లోయలోకి దిగొద్దని గైడు అంటే, ఆ మాట చెల్లాలి. విమానం టికెట్ తేదీని బట్టో, బ్రోషర్‌లోని అయిదో రోజు కార్యక్రమాన్ని బట్టో అతని మాటను కొట్టేసే యాత్ర ప్రమాదకరం. గైడుకు జీతం ఇస్తున్నారా అని అడిగితే సరిపోదు, ఆపే అధికారం ఇచ్చారా అనీ అడగాలి.

రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. నడక పేరుతో ఊళ్లలోకి జనం దిగితే, ఆ ఊళ్లు తమ కోసం బతకడం మాని చూసేవాళ్ల కోసం వేషం వేసుకోవా? ఈ భయం ఊరికే పుట్టలేదు. అయితే ఈ ప్రశ్న, పర్యాటకుడు రాకపోతే పాత ఊరు పాతగానే నిలుస్తుందని ముందే అనుకుంటుంది. ఒమన్ కొండల్లో జరిగింది అది కాదు. 1967లో మొదలైన చమురు ఎగుమతుల డబ్బుతో రోడ్లు, బళ్లు, ఆస్పత్రులు, ప్రభుత్వ ఉద్యోగాలు వచ్చాయి. జనం కరెంటు ఉన్న సిమెంటు ఇళ్లకు మారారు. ఆ మార్పును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. దాంతో అల్ హమ్రా మట్టి మేడలు చాలావరకు ఖాళీ అయ్యాయి, వాదీ బనీ హబీబ్ లాంటి ఊళ్లు పాడుబడ్డాయి. పాత ఇంటికి ఏదో ఒక ఉపయోగం దొరక్కపోతే దాని గోడ నాలుగు వానలకు కూలుతుంది. మిస్ఫత్ అల్ అబ్రియీన్ ఊళ్లో ఆ ఉపయోగాన్ని ఊరి కుటుంబాలే కనుక్కున్నాయి. తాతల నాటి మట్టి ఇళ్లను బాగుచేసి అతిథి గృహాలుగా నడుపుతున్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పుకొని రండి అంటూ బోర్డు పెట్టి, షరతు తామే పెడుతున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో మొదటిసారి ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదీ ఒకటి. యాత్రికుడు నడిచి వచ్చి, అక్కడే రాత్రి పడుకొని, ఊరివాళ్లు వండింది తింటే డబ్బు ఊళ్లో దిగుతుంది. బస్సులో వచ్చి గంటసేపు ఫొటోలు దిగి పోయేవాడి వల్ల ఊరికి మిగిలేది రద్దీ, చెత్త. వేషం వేయిస్తున్నది ఎవరని చూస్తే ఈ రెండో పద్ధతే ఎక్కువ దోషి.

పక్కనున్న సౌదీ అరేబియాతో పోల్చి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. 2019 సెప్టెంబరులో పర్యాటక వీసాలు తెరిచిన ఆ దేశం 2030 నాటికి ఏడాదికి 15 కోట్ల సందర్శనలు లక్ష్యంగా పెట్టుకుంది. అల్ ఉలాలో పురాతన సమాధులను చక్కగా సంరక్షించి చూపిస్తున్న మాట నిజమే. కానీ వాయవ్యాన నియోమ్ అనే కొత్త నగర పథకం కోసం హువైతాత్ తెగ ప్రజలను తమ ఊళ్ల నుంచి కదిలించిన మాటా అంతే నిజం. కొండ, ఎడారి రెండు చోట్లా ఉన్నాయి. పథకం నడిచే దిక్కే వేరు. ఒక చోట పాత ఊరు అతిథికి తలుపు తీసింది, ఇంకో చోట అతిథి కోసం ఊరినే లేపేశారు. ఒమన్‌లో అంతా ఆదర్శంగా ఉందని దీనర్థం కాదు. జబల్ అఖ్దర్ మీద విలాస హోటళ్లు వెలిశాయి. యంత్రాలతో లోతు బోర్లు తోడే చోట భూగర్భజలం కిందికి దిగి, వాలు మీద ఆధారపడే ఫలజ్ ఎండుతుందన్నది నీటి లెక్క తెలిసిన అందరూ ఒప్పుకునేదే. ఈత కొలను ఉన్న గది కావాలా, ఊరి ఇంట్లో పరుపు చాలా అన్నది అక్కడ నీటికి సంబంధించిన ప్రశ్న కూడా.

మూడో అభ్యంతరం మనకు మరీ దగ్గరిది. మన మనుషులు ఇటుకలు మోస్తూ, మేకలు కాస్తూ చెమటోడ్చే నేల మీద మనం సరదాకు నడుస్తామా? ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు బయటి పనిని చట్టం నిషేధించింది. అంటే అదే ఎండాకాలంలో మిగతా గంటల్లో పని నడుస్తుందనే. యాత్రికుడు చలికాలం ఎంచుకొని పోతాడు, కూలికి ఆ ఎంపిక లేదు. 2021 జనవరి నుంచి ఒప్పందం పూర్తిచేసిన కార్మికుడు పాత యజమాని అనుమతి పత్రం లేకుండానే ఉద్యోగం మారగలుగుతున్నాడు. మంచి మార్పే. అయినా వీసా ఇంకా ఖఫీల్‌తోనే, అంటే పూచీ ఉండే యజమానితోనే, ముడిపడి ఉంది. ఇంటిపని చేసే ఆడవాళ్లు సాధారణ కార్మిక చట్టం పరిధిలోకి రారు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు, కొట్టిపారేయకూడదు కూడా. కానీ ఇది అరేబియాకే పోవద్దనడానికి దారితీస్తే, ముందు మానాల్సింది వలస కార్మికుల చేతులతోనే లేచిన మెరుపు నగరాల ప్యాకేజీని. అక్కడ కార్మికుడు కంటపడకుండానే నాలుగు రోజులు గడిచిపోతాయి. పల్లెల నడకలో అలా కుదరదు. ఒమన్ తోటల్లో ఈనాడు పాదులు తీసేది, ఖర్జూర చెట్లెక్కేది చాలాచోట్ల బంగ్లాదేశ్, భారత్, పాకిస్తాన్ కూలీలే. పాత ఊరి అందం నిలిచి ఉన్నది వాళ్ల కష్టం మీద కూడా. నడిచేవాడికి వాళ్లు ఎదురవుతారు, పలకరిస్తారు, భాష కలిస్తే రెండు ముక్కలు మాట్లాడతారు. అంత మాత్రాన వాళ్ల బతుకు మారదు. అయితే ఆ ఊరి కథలో వాళ్లనూ చేర్చి చెప్పే గైడు, ‘సనాతన అరబ్బు పల్లె’ అని బొమ్మ గీసి చూపించే గైడు కన్నా నిజాయితీపరుడు.

ఖర్చు సంగతీ దాచనక్కర్లేదు. గైడు, తోడు వాహనం, గాడిదల మీదో వ్యాన్‌లోనో సామాను, ఎడారిలో గుడారాలు కలిపి ఇది దుబాయ్ ప్యాకేజీ కన్నా ఎక్కువే ఖరీదవుతుంది. అందరికీ అందేది కాదు, అందరూ చేయగలిగేదీ కాదు. మోకాళ్లు సహకరించాలి, రోజుకు అయిదారు గంటలు రాళ్ల మీద నడవాలి. అయితే ఎంత అన్నదానితో పాటు ఎవరికి అన్నది కూడా లెక్కలో రావాలి. బుక్ చేసేముందు కంపెనీని నాలుగు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ కాదు. గైడు ఏ ఊరివాడు? రాత్రి బస ఊరి కుటుంబాల ఇళ్లలోనా, కంపెనీ సొంత శిబిరంలోనా? వాతావరణం చెడితే దారి మార్చే చివరి మాట ఎవరిది? శిబిరంలో వంట చేసి, గుడారం వేసేవాళ్లకు ఏమిస్తున్నారు? సమాధానాలు తిన్నగా రాకపోతే ఆ యాత్ర మానుకోవడమే మేలు. తెలుగు ట్రావెల్ ఏజెన్సీలు కొత్త దారులు వెతుక్కుంటున్న ఈ సమయంలో, పర్యాటకులు ఇలాంటి ప్రశ్నలు అడగడం మొదలుపెడితే వాళ్లు జవాబులు తయారు చేసుకోక తప్పదు. లక్షలమంది తెలుగువాళ్లు దశాబ్దాలుగా అరబ్బుల కింద పనిచేశారు. అరబ్బు మనిషిని యజమానిగా తప్ప మరోలా చూసే అవకాశం మనకు దక్కింది తక్కువ. అతను దారి చూపుతూ ముందు నడుస్తుంటే, అతని ఊరి షరతులకు లోబడి వెనక నడవడం ఆ సంబంధంలో కొత్త పేజీ తెరుస్తుంది. ఆ అవకాశాన్ని మరో సఫారీగా కుదించి అమ్ముకోనిస్తే నష్టం అతనికీ, మనకూ కూడా.